రాగిజావ, కషాయం, చిరుధాన్యాలు అన్నీ అయ్యాయి, ఇంట్లో ఎవరి రిపోర్టూ మారలేదు

నిజాంపేట్ కోడలు:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా ఇంట్లో ఐదుగురం. నేను, మావారు, పదేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు, అత్తయ్యగారు. ఇద్దరం ఉద్యోగస్తులం. పొద్దున్న ఎనిమిదింపావుకి బయల్దేరితే నేను మళ్ళీ ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది. ఆర్నెల్ల క్రితం మావారికి ఆఫీసు చెకప్‌లో హెచ్‌బీఏ1సీ (షుగర్ సగటు చెప్పే రక్త పరీక్ష) 6.1 వచ్చింది. షుగర్ ఇంకా రాలేదు గానీ గుమ్మంలో నిలబడింది అన్నారు డాక్టరు. అదే నెలలో పాప నీరసంగా ఉంటోందని టెస్టు చేయిస్తే హిమోగ్లోబిన్ 10.4. అత్తయ్యకి బీపీ, థైరాయిడ్ ఎప్పటినుంచో ఉన్నాయి.

ఇక టెన్షన్ పట్టుకుంది నాకు. ఏదో వీడియో చూసి ఒకే రోజు కొర్రలు, సామలు, ఊదలు, అరికెలు, అండుకొర్రలు రెండేసి కిలోలు తెచ్చేసి రేపటినుంచి తెల్లన్నం బంద్ అన్నా. మొదటి రోజు ఊదల అన్నంలో సాంబారు పోస్తే బాబు కంచం నెట్టేశాడు, రెండో రోజు పాప లంచ్ బాక్సు మూత తీయకుండా వెనక్కి తెచ్చింది, మూడో రోజు మావారు ఇంట్లో బాక్సు తీసుకెళ్ళి క్యాంటీన్‌లో బిర్యానీ తిన్నారు (బిల్లు చొక్కా జేబులో దొరికింది, ఉతికేది నేనే కదా). ఇప్పుడు ఆ డబ్బాల్లో సగం పురుగు పట్టాయి.

అది వదిలేసి రాగిజావ మొదలుపెట్టా. ఆయనకి రోజూ పొద్దున్నే పెద్ద గ్లాసు, చక్కెర బదులు బెల్లం వేసి. దాంతోపాటు అత్తయ్య వాట్సాప్‌లో వచ్చిందని తిప్పతీగ కషాయం కాస్తారు, ఆవిడ తాగుతారు, ఆయనకీ ఇస్తారు. మొన్న మళ్ళీ టెస్టు చేయిస్తే 6.2! ఏడుపొచ్చింది నిజంగా.

సాయంత్రాల సంగతి వేరే చెప్పాలి. నేను వచ్చేసరికి పిల్లలు బిస్కెట్లు, చిప్స్, నూడుల్స్ తినేసి ఉంటారు. వంట అయ్యేసరికి తొమ్మిదిన్నర. వారంలో మూడు రోజులు ఓపిక లేక యాప్‌లో తెప్పించేస్తాం. వంటమనిషిని పెట్టి చూశాం, వారానికి లీటరు నూనె అయిపోయేది, నాలుగు నెలలకి ఆవిడే మానేసింది.

నా ప్రశ్న ఒక్కటే. ఉద్యోగం మానకుండా, రోజుకి గంటకి మించి స్టవ్ దగ్గర నిలబడకుండా, ఐదుగురికీ కుదిరే తిండి ఉందా? లేదంటే చెప్పేయండి, ఆశ పెట్టుకోను.

టెక్కలి పిల్ల:

అక్కా, మీ రాగిజావ దగ్గరే ఆగిపోయాను నేను. మా వైపు రాగుల్ని చోళ్ళు అంటాం, చోళ్ళంబలి తాగి పెరిగిన ఇల్లు మాది, కానీ అందులో బెల్లం వెయ్యడం నేనైతే చూడలేదు. చిన్నపిల్లలకి వేరే కాస్తారు, అది వేరు. పెద్దవాళ్ళ అంబలి అంటే రాత్రి పిండి నీళ్ళలో కలిపి మూతపెట్టి వదిలేస్తాం, తెల్లారేసరికి కాస్త పులుస్తుంది, అప్పుడు గుప్పెడు నూక ఉడికించి అందులో ఈ పిండి పోసి అడుగంటకుండా కలుపుతూ కాస్తాం. చల్లారాక మజ్జిగ, ఉప్పు, పక్కన పచ్చి ఉల్లిపాయ, మిరపకాయ. పులుపే దాని రుచి.

ఇంకో మాట కూడా చెప్పాలి, మా నాన్న అది తాగి పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా పొలంలో ఉండేవాడు. మీవారు అది తాగి కారెక్కుతారు. అదే అంబలి, అదే గ్లాసు, ఒంట్లోకి వెళ్ళాక కథ ఒకటే ఎలా అవుతుంది? నేను కూడా వైజాగ్ వచ్చి ఉద్యోగంలో చేరాక అలాగే తాగుతూ నాలుగు కిలోలు పెరిగా.

పురుగు పట్టిన వాటి గురించి బెంగ వద్దు. మిగిలినవి జల్లించి ఎండలో పోసి, అరకిలో మాత్రం బయట ఉంచుకుని తక్కినవి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పడెయ్యండి.

బెజవాడ పోషణ:

నేను డైటీషియన్‌గా పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను, మీలాంటి వాళ్ళు వారానికి నలుగురైనా వస్తారు నా దగ్గరికి, అందరి చేతిలో ఆ జావ గ్లాసు ఉంటుంది. కాబట్టి దాంతోనే మొదలుపెడతా.

రాగులు మంచివే, కాదనను. 100 గ్రాముల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పాలలో 120 దాకా ఉంటే చాలా ఎక్కువన్నమాట. కానీ కాల్షియం ఎక్కువని షుగర్ పెంచదనుకోవడం పొరపాటు. మెత్తటి పిండిని నీళ్ళలో బాగా ఉడికించి పలచగా తాగితే నమలాల్సిన పని లేదు, చకచకా అరిగి రక్తంలోకి గ్లూకోజ్ వేగంగా వచ్చేస్తుంది. పెద్ద గ్లాసుకి 40 గ్రాముల పిండి వేశారనుకోండి, అందులో పిండిపదార్థం 27, 28 గ్రాములు. 20 గ్రాముల బెల్లం వేస్తే ఇంకో 18. మొత్తం కలిపితే ఒక కప్పు తెల్లన్నం తిన్నట్టే, పైగా కూర, పప్పు లేకుండా ఒట్టి అన్నం. బెల్లానికీ పంచదారకీ షుగర్ విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదండీ, రంగు మారింది అంతే. రాగులు కావాలంటే సంగటిగానో రొట్టెగానో చేసి ఆకుకూర పప్పుతో, లేకపోతే నాటుకోడి పులుసుతో తినమనండి, గ్లాసులో పోసి తాగొద్దు. దాని బదులు పొద్దున్న పెసరట్టు పోయండి. రాత్రి పచ్చ పెసలు నానబెట్టడమే పని, పులియబెట్టక్కర్లేదు, పెసల్లో మాంసకృత్తులు దాదాపు నాలుగో వంతు ఉంటాయి. లేదా రెండు గుడ్లు పెట్టి, ఒక ఇడ్లీ తగ్గించండి.

6.1 నుంచి 6.2 కి ఏడవక్కర్లేదు, ల్యాబ్ తేడా కూడా అంత ఉండొచ్చు. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్ అంటారు, 6.5 గానీ, ఆ పైన గానీ ఉంటే షుగర్. ఈ పరీక్ష గత రెండు మూడు నెలల సగటు చెప్తుంది కాబట్టి మళ్ళీ మూడు నెలల దాకా చేయించకండి, నెల నెలా సూది గుచ్చుకుని కంగారుపడటం తప్ప లాభం లేదు. రాత్రి భోజనం అయ్యాక పావుగంట ఆయన్ని అపార్ట్‌మెంట్ చుట్టూ నడవమనండి, మీ చిరుధాన్యాల కన్నా ముందు అది పనిచేస్తుంది.

తెల్లన్నం పూర్తిగా మానక్కర్లేదు. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు చూడండి, 2000 కేలరీల తిండికి రోజు మొత్తం మీద బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి పచ్చివి 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు ఆకుకూరలు 400 అని ఉంటుంది. మన కంచం దీనికి తలకిందులు. అన్నం గుట్టలా పోసి మధ్యలో గుంట చేసి పప్పు, అంచున చెంచాడు కూర. మీరు ముందు ఆ కూర చెంచాని గరిటె చేయండి, అన్నం తనంతట తనే తగ్గుతుంది. కొర్రలు కావాలంటే వారంలో ఒక రోజు బియ్యంలో సగం కలిపి, కనీసం నాలుగు గంటలు నానబెట్టి వండండి. ఊదలతో మొదలుపెట్టడం మీ దురదృష్టం, పిల్లలకి సామలు పులిహోర చేసి పెట్టి ఉంటే కంచం నెట్టేవాడు కాదేమో.

పాప సంగతి మాత్రం తిండితో సరిపెట్టకండి. ఆ వయసుకి కనీసం 11.5 ఉండాలి, 10.4 అంటే డాక్టర్‌కి చూపించాల్సిన రక్తహీనతే. ఐరన్ సిరప్ రాస్తారు, నులిపురుగుల మందు ఇచ్చి ఎన్నాళ్ళైందో అడుగుతారు, ఫిబ్రవరి 10న బడిలో ఇచ్చే మాత్ర వేసుకుందో లేదో కనుక్కోండి. ఖర్జూరం, బీట్‌రూట్ జ్యూస్ అని ఆర్నెల్లు గడిపేసి వచ్చేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది, మన్నించండి. తిండిలో తోటకూర, మునగాకు, శనగలు, మాంసం తింటారా తెలీదు, తింటే వారానికోసారి మేక కార్జం. పప్పు మీద నిమ్మకాయ పిండండి లేదా పక్కన ఉసిరి పచ్చడి పెట్టండి, పుల్లటిది తోడుంటే ఐరన్ బాగా ఒంటబడుతుంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ వద్దు. పదేళ్ళ పాప టీ తాగుతుందా అనకండి, చాలా ఇళ్ళల్లో నానమ్మ గ్లాసులో సగం మనవరాలికే.

ఇప్పుడు అత్తయ్యగారు. థైరాయిడ్ మాత్ర ఎలా వేసుకుంటున్నారు? పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఏమీ తీసుకోకూడదు, కాఫీ కూడా. కాల్షియం, ఐరన్ మాత్రలుంటే నాలుగు గంటల ఎడం. చాలామంది మెంతి నీళ్ళతోనో కషాయంతోనో కలిపి మింగేసి మాత్ర పనిచేయట్లేదంటారు. తిప్పతీగ రోజూ తాగడం ఆపించండి. కోవిడ్ రోజుల్లో అలా తాగి లివర్ దెబ్బతిన్న కేసుల్ని ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు, ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, అది వేరే గొడవ. నేను చెప్పేది ఒకటే, నెలల తరబడి తాగినవాళ్ళు ఒకసారి లివర్ టెస్టు చేయించుకోవడంలో తప్పు లేదు. జలుబు చేసినప్పుడు అల్లం మిరియాల చారు పోసుకోండి, అది మందు కాదు, గొంతుకి హాయి, చాలు.

బీపీకి ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు, ఆవకాయ, అప్పడం, వడియం అన్నీ కలుపుకుని. షాపుల్లో తక్కువ సోడియం ఉప్పు అని అమ్ముతారు, అందులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వాడకూడదు.

పాతకాలం:

ఇవన్నీ ఎందుకండీ. మా తాత మూడు పూటలా తెల్లన్నం, గడ్డపెరుగు, ఆవకాయ తిని ఎనభై ఏడేళ్ళు బతికాడు. ఏ టెస్టూ చేయించుకోలేదు. గానుగ నూనె వాడండి, అన్నీ సర్దుకుంటాయి.

బెజవాడ పోషణ:

తాతగారు రోజుకి ఎంత నడిచేవారో కూడా చెప్పండి. ఆయనతోపాటు పుట్టి అరవైకే పోయినవాళ్ళ గురించి మనం చెప్పుకోం కదా. గానుగ నూనె రుచి బాగుంటుంది, నేనూ వాడతా, కానీ గానుగదైనా రిఫైన్డ్ అయినా గ్రాముకి 9 కేలరీలే. మనిషికి నెలకి అరలీటరు లెక్క పెట్టుకోండి, అంటే రోజుకి మూడు చెంచాలు. ఐదుగురికి రెండున్నర లీటర్లు, అందులో ఇద్దరు పిల్లలు కాబట్టి ఇంకా తక్కువే సరిపోవాలి. వంటమనిషి వారానికి లీటరు అంటే ఆ లెక్క ఎక్కడికి పోయిందో చూడండి.

కరీంనగర్ వంటోడు:

పైన అందరూ ఏం తినాలో చెప్పారు, ఎవరు వండాలో ఎవరూ అనలేదు. అక్కా మీ పోస్టు రెండుసార్లు చదివిన, మీవారు తింటారు, తాగుతారు, టెస్టు చేయించుకుంటారు, ఇంకేం చేస్తారో ఎక్కడా లేదు! రోజుకి గంటకి మించి నేను స్టవ్ దగ్గర నిలబడను అన్నారు, మంచిది, ఇంకో అరగంట ఆయన్ని నిలబడమనండి. షుగర్ గుమ్మంలో ఉన్నది ఆయనకే కదా.

మా ఇంట్లో నేను వండుతా. నా భార్యకి నైట్ షిఫ్టులు, ఇద్దరు పిల్లలు, పెద్దవాళ్ళు ఊళ్ళో ఉంటారు. మొదట్లో నేను కూడా మెనూ చార్టు గీసి ఫ్రిజ్‌కి అంటించిన, సోమవారం ఇది మంగళవారం అది అని, రెండో వారానికే చింపేసిన. చార్టు కాదు కావాల్సింది, ఆదివారం రెండు గంటలు. ఆ రెండు గంటల్లో దోసె పిండి రుబ్బి పెడతా, అది ఫ్రిజ్‌లో నాలుగు రోజులు వస్తుంది. చింతపండు నానబెట్టి గుజ్జు తీసి సీసాలో పెడతా. కిలో ఉల్లిగడ్డ, కిలో టమాట కలిపి మగ్గించి మూడు డబ్బాల్లో పెడతా, రెండు డీప్ ఫ్రిజ్‌లోకి పోతాయి, దాంట్లో గుడ్లేస్తే గుడ్ల కూర, శనగలేస్తే శనగల కూర. గోరుచిక్కుడు, బీన్స్ తుంచి తడి లేకుండా గుడ్డలో చుట్టి పెడతా. ఆకుకూర మాత్రం కడగను, వేర్లు కోసి కాగితంలో చుట్టి పెట్టి వండే రోజే కడుగుతా, లేకపోతే రెండో రోజుకే కుళ్ళుతుంది. ఒక పొడి, నువ్వులు కరివేపాకు ఎండుమిర్చి అవిసె గింజలు, దేనికది దోరగా వేయించి పట్టడమే. పిల్లలు ఏ కూరా ముట్టని రోజు ఆ పొడి, నెయ్యి, వేడన్నం, ఉడికించిన గుడ్డు. అది ఓటమి అని నేను అనుకోను.

అసలు కిటుకు సాయంత్రం ఐదింటికి ఉంది. మీ ఇంట్లో ఆర్డర్లు పెట్టేది రాత్రి కదా, కానీ తప్పు జరిగేది ఐదింటికే. పిల్లలు బడినుంచి ఆకలితో వస్తారు, చేతికి అందేది బిస్కెట్ పాకెట్, అది తిన్నాక ఏడింటికి ఆకలుండదు, తొమ్మిదింటికి మళ్ళీ వేస్తుంది, అప్పటికి మీరు పడిపోయి ఉంటారు. రాత్రి పడుకునే ముందు శనగలో బొబ్బర్లో నానబెట్టండి, పొద్దున్న టిఫిన్ కుక్కర్ దిగాక అదే కుక్కర్‌లో ఉప్పేసి నాలుగు విజిల్స్. సాయంత్రం అత్తమ్మ పోపు వేసి ఇస్తే గుగ్గిళ్ళు రెడీ, అదీ వద్దంటే ఉడికించిన పల్లీలు, జామకాయ. ఇంట్లో బిస్కెట్ కొనుడు ఆపకండి, ఆపితే దొంగచాటుగా తింటారు, పై అరలో పెట్టండి అంతే. కడుపు నిండితే రాత్రికి ఎనిమిదింటికే పప్పన్నం తిని పడుకుంటారు.

మా అవ్వ తైద (రాగి) అంబలి, జొన్న గటక తిన్న మనిషి, నేను ఇప్పుడు వారానికి రెండు రాత్రులు జొన్న రొట్టె చేస్తున్న, చిక్కుడుకాయ కూరతో. నేర్చుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది, మొదటి నెల అంతా ఇండియా మ్యాపులే.

నిజాంపేట్ కోడలు:

ఐదు వారాలైంది, చెప్పాలని వచ్చా. ముందుగా కరీంనగర్ తమ్ముడూ, నీ పోస్టు స్క్రీన్‌షాట్ తీసి మావారికి పంపా. గంటసేపు జవాబు లేదు, తర్వాత "ఆదివారం ఉల్లిపాయలు నేను కోస్తా" అని ఒక్క లైను వచ్చింది. కోస్తున్నారు. ముక్కలు ఒక్కోటి ఒక్కో సైజు, నేను నోరు మూసుకున్నా.

పాపని డాక్టర్‌కి చూపించాం, నులిపురుగుల మందు, ఐరన్ సిరప్ రాశారు. మూడో రోజు బాత్రూంలోంచి అరుపు, నల్లగా వచ్చిందని. నేనూ భయపడి డాక్టర్‌కి ఫోన్ చేస్తే ఐరన్ వేస్తే అంతే అమ్మా అని నవ్వారు. ముందే చెప్పొచ్చు కదా. సిరప్ పాలతో ఇవ్వొద్దన్నారు, నేను అప్పటిదాకా పాలతోనే ఇస్తున్నా.

బెజవాడ పోషణ గారూ, అత్తయ్యగారి మాత్ర విషయం మీరు చూసినట్టే చెప్పారు. ఆవిడ పదేళ్ళుగా మెంతి నీళ్ళతోనే మింగుతున్నారు! కషాయం ఆపమంటే మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు, నా చేత్తో విషం పోస్తానా అన్నారు. నేనేమీ అనలేదు. సాయంత్రం గుగ్గిళ్ళ పోపు ఆవిడకే అప్పజెప్పా, ఇంగువ వేసి, కొబ్బరి తురిమి ఎంత బాగా చేస్తున్నారంటే పక్క ఫ్లాట్ పిల్లలు కూడా వచ్చేస్తున్నారు. ఇప్పుడు బొబ్బర్లు ఏ రోజు, శనగలు ఏ రోజు అన్నది ఆవిడ ఇష్టం. కషాయం గిన్నె అటక మీదికి ఎక్కింది, ఎక్కించింది కూడా ఆవిడే. లివర్ టెస్టు ఇద్దరికీ చేయించాం, బాగానే ఉన్నాయి.

బాబు ఇంకా కూర తినడు. బొబ్బర్ల వడలు మాత్రం తింటాడు, నూనెలో వేయించినవి, ఏం చేయాలో తెలీట్లేదు. ఆర్డర్లు వారానికి మూడు నుంచి ఒకటికి వచ్చాయి, శుక్రవారం రాత్రి అది ఉంటుంది, దాన్ని తీసేసే ఉద్దేశం నాకు లేదు. మావారి టెస్టు ఇంకో రెండు నెలలకి గానీ చేయించను. బెల్టు ఒక రంధ్రం లోపలికి వచ్చిందని ఆయనే చూపించారు.

తమ్ముడూ, ఒక సందేహం. జొన్న రొట్టె ఆయనే చేస్తానని పట్టుబట్టారు, సూపర్ మార్కెట్‌లో పిండి తెచ్చాం, చేత్తో తడుతుంటే అంచులు పగిలిపోయి పెనం మీద వెయ్యబోతే రెండు ముక్కలవుతోంది. గోధుమ పిండి కలపమంటున్నారు కొందరు. కలపాలా?

కరీంనగర్ వంటోడు:

కలపకండి అక్కా, కలిపితే అది జొన్న రొట్టె ఎట్లా అయితది. పాకెట్ పిండి ఎన్ని నెలల కిందట పట్టిందో తెలీదు, పాతబడితే విరిగిపోతుంది. జొన్నలు కొని గిర్నీలో రెండు కిలోలే పట్టించండి, పదిహేను రోజుల్లో అయిపోవాలి. జొన్నల్లో గోధుమలాగా సాగే గుణం ఉండదు, అందుకే నీళ్ళు తెర్లుతుండగా పిండిలో పోసి గరిటెతో కలిపి, చేయి పట్టేంత వేడి ఉండగానే అరచేతి మడమతో గట్టిగా పిసకాలి, ఐదు నిమిషాలు తక్కువ కాకుండా. ముద్ద మొత్తం ఒకేసారి పిసకొద్దు, ఒక్కో రొట్టెకి ఒక్కోసారి. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో ఒకసారి తుడవండి, ఆ నీళ్ళు ఆరాకే తిప్పాలి. అన్నకి చెప్పండి, మొదటి పది రొట్టెలు లెక్కలోకి రావు.